మేమెందుకు తగ్గింపబడవలెను? – ధర్మశాస్త్రములో మనుష్యుల ప్రశ్నలు, దేవుని ఆజ్ఞలు

ఉపోద్ఘాతము

ధర్మశాస్త్రమును గూర్చి మన సంఘములలో రెండు అభిప్రాయములు స్థిరపడియున్నవి. మొదటిది, ఆజ్ఞలన్నియు సీనాయి కొండమీద ఒక్కమారుగా, పూర్తిగా దిగివచ్చినవని. మనుష్యులకు వినుట తప్ప మాటలాడుటకు చోటు లేదని. రెండవది, అరణ్యములో ఇశ్రాయేలీయులు నోరు తెరచిన ప్రతిసారి అది సణుగుడేనని. ఈ రెండును కలిసినప్పుడు మూడవదొకటి పుట్టుచున్నది: ప్రశ్నించువాడు అవిశ్వాసి. కాపరులకును సంఘపెద్దలకును ఇది అనుకూలమైన బోధయే. అయితే ఇది మోషే గ్రంథముల బోధయేనా?

ఈ వ్యాసము ఆ ప్రశ్ననే పరిశీలించుచున్నది. ధర్మశాస్త్రములోని కొన్ని ఆజ్ఞలు మనుష్యులు అడిగిన తరువాతనే ఇయ్యబడినవి. యూదు రబ్బీలు దీనిని దాచలేదు. ఎంతో శ్రద్ధతో చర్చించిరి. మనము మాత్రము ఈ భాగములను త్వరగా దాటిపోవుచున్నాము. దానివలన ధర్మశాస్త్రమునకు అన్యాయము చేయుచున్నాము, మన సంఘములలో ప్రశ్నించువారికి అంతకంటె ఎక్కువ అన్యాయము చేయుచున్నాము.

1. నాలుగు సందర్భములు

దేవుని చిత్తము అప్పటివరకు తెలియబడక, మోషే విచారించిన తరువాత తీర్పు వచ్చిన సందర్భములు పంచకాండములలో నాలుగు కనబడుచున్నవి. నామమును దూషించిన వాని సంగతి (లేవీ. 24:10-23), శవమువలన అపవిత్రులై పస్కాను ఆచరింపలేకపోయిన మనుష్యుల సంగతి (సంఖ్యా. 9:6-14), విశ్రాంతిదినమున కట్టెలు ఏరిన వాని సంగతి (సంఖ్యా. 15:32-36), సెలోపెహాదు కుమార్తెల సంగతి (సంఖ్యా. 27:1-11). మొదటి శతాబ్దములో అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలో తాను వ్రాసిన మోషే చరిత్రలో ఈ నాలుగింటినే ఒక గుంపుగా చేర్చి, ప్రశ్నకు జవాబుగా వచ్చిన దైవోక్తులని వివరించెను. పాలస్తీనా తర్గూములును వీటిని నాలుగు వ్యాజ్యములుగా లెక్కించుచున్నవి. మన కాలములో మైఖేల్ ఫిష్‌బేన్ 1985లో ప్రచురించిన గ్రంథములో, పాత నిబంధన లోపలనే ధర్మశాస్త్రము ఎట్లు విస్తరించినదో చూపుటకు ఈ నాలుగింటినే తీసికొనెను.

నాలుగును ఒక్క రీతివి కావు. దూషకుని విషయములోను, కట్టెలు ఏరినవాని విషయములోను ప్రశ్న నాయకులది. నేరము కనబడినది గాని ఏమి చేయవలెనో విశదపరచబడలేదు గనుక అతనిని కావలిలో ఉంచి కనిపెట్టిరి. తీర్పు కఠినమైనది, మరణశిక్ష. ఆ కాఠిన్యమును మెత్తబరచుటకు నేను ప్రయత్నింపను. అయితే తెలియనప్పుడు చెయ్యి ఆపిరనుట గమనింపదగినది. రాళ్లు అందుబాటులోనే ఉన్నవి, కోపమును ఉన్నది. అయినను అడిగిన తరువాతనే కదలిరి.

మిగిలిన రెండింటిలో ప్రశ్న సామాన్యులది, తమకు కలిగిన నష్టమును గూర్చినది. ఇక్కడ వాక్యములోని మాటలను దగ్గరగా చూడవలెను.

2. ఒక్క ధాతువు, అనేక స్థలములు

శవమువలన అపవిత్రులైనవారు మోషేను అడిగిన ప్రశ్న హెబ్రీలో 'లామ్మా నిగ్గారా' అని ఆరంభమగుచున్నది. సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి పేరును గూర్చి అడిగినది 'లామ్మా యిగ్గారా' అని. రెండు చోట్లను ధాతువు ఒక్కటే. తగ్గించుట, తీసివేయుట, కోసివేయుట అని దాని అర్థము. మేమెందుకు తగ్గింపబడవలెను? మా తండ్రి పేరు ఎందుకు తీసివేయబడవలెను? మన తెలుగు అనువాదములో ఈ స్థలములలో వేర్వేరు మాటలు వాడబడుటవలన ఈ బంధము చదువరికి కనబడదు.

ఇదే ధాతువు ద్వితీయోపదేశకాండము 4:2లో ఉన్నది. ఆజ్ఞకు ఏమియు కలుపకూడదు, దానిలోనుండి ఏమియు తగ్గింపకూడదు అను ప్రసిద్ధమైన మాటలో తగ్గింపకూడదనుటకు 'లో తిగ్రెఊ మిమ్మెన్నూ' అని వ్రాయబడినది. ఆజ్ఞను తగ్గింపవద్దని చెప్పు గ్రంథమే, తాము తగ్గింపబడకూడదని వేడుకొనిన మనుష్యులకు చెవి యొగ్గుచున్నది. ఆజ్ఞను కాపాడుటయు మనుష్యుని భాగమును కాపాడుటయు ఒకదానికొకటి విరోధము కావు.

ఇంకొక స్థలము ఉన్నది. నిర్గమకాండము 5:8లో, ఇటుకల లెక్కనుండి ఏమియు తగ్గింపకూడదని ఫరో ఆజ్ఞాపించెను. అక్కడను అక్షరాల ఇదే మాట: 'లో తిగ్రెఊ మిమ్మెన్నూ'. అప్పుడు దెబ్బలు తిన్న ఇశ్రాయేలీయుల నాయకులు ఫరో యొద్దకు వెళ్లి మొరపెట్టిరి. వారి మొరయు 'లామ్మా' అను మాటతోనే ఆరంభమగుచున్నది (5:15). ఫరో ఏమి జవాబిచ్చెను? మీరు సోమరులు, వెళ్లి పని చేయుడని (5:17-18). ప్రశ్నను అతడు సోమరితనముగా ఎంచెను. లెక్క తగ్గలేదు.

ఈ రెండు ఆస్థానములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒకే 'ఎందుకు' అను మాట ఇద్దరి యెదుటికి వచ్చినది. ఫరో అడిగినవారి గుణమును నిందించి పంపివేసెను. మోషే వారిని నిలువుమని చెప్పి, యెహోవా ఏమి సెలవిచ్చునో వినెదనని వెళ్లెను (సంఖ్యా. 9:8). విడుదల పొందిన ప్రజల ధర్మశాస్త్రము దాసుల యజమానుని శాసనమునకు భిన్నమైనదని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన గుర్తు ఏమి కావలెను?

3. ప్రశ్న ఎక్కడనుండి పుట్టినది?

ఈ ప్రశ్నలు ఆజ్ఞకు వెలుపలనుండి వచ్చినవి కావు. రెండవ సంవత్సరము మొదటి నెల పదునాలుగవ దినమున పస్కాను ఆచరింపవలెనను ఆజ్ఞ ఉన్నది. అపవిత్రుడు పరిశుద్ధమైనదానిని ముట్టకూడదను ఆజ్ఞయు ఉన్నది. ఈ రెండు ఆజ్ఞల నడుమ కొందరు మనుష్యులు ఇరుకునపడిరి. పైగా వారు అపవిత్రులైనది పాపమువలన కాదు. వారెవరని రబ్బీలు విచారించిరి (తల్మూదు, సుక్కా 25ఎ). యోసేపు శవపేటికను మోసినవారని ఒకరు, నాదాబు అబీహుల శవములను మోసికొనిపోయిన మిషాయేలు ఎల్సాఫానులని ఒకరు, దిక్కులేని శవమును పాతిపెట్టినవారని మరియొకరు చెప్పిరి. ఎవరి మాట తీసికొనినను అందులో ఒక్క భావమున్నది: వారు మేలు చేసి అపవిత్రులైరి. మృతునిపట్ల ధర్మము నెరవేర్చినందుకు దేవుని అర్పణములో భాగము పోవలెనా అనునది వారి వేదన. వారు పస్కానుండి మినహాయింపు అడుగలేదు, పస్కా కావలెనని అడిగిరి.

జవాబు ప్రశ్నకంటె పెద్దది. రెండవ నెల పదునాలుగవ దినమున ఆచరింపవచ్చునని చెప్పబడుటయే గాక, దూరప్రయాణములో ఉన్నవారికిని ఆ అవకాశము ఇయ్యబడినది. ప్రయాణికులను గూర్చి ఎవరును అడుగలేదు. వెంటనే దానికి హద్దును పెట్టబడినది: పవిత్రుడై, ప్రయాణములో లేకయుండి పస్కాను మానినవాడు కొట్టివేయబడును. తరువాత పరదేశియు జ్ఞాపకము చేసికొనబడెను. కొందరి నష్టమునుండి అనేకులకు ద్వారము తెరువబడినది. శతాబ్దముల తరువాత హిజ్కియా రాజు ఆ రెండవ నెలలోనే పస్కాను జరిపించెను (2 దిన. 30). ఎఫ్రాయిము, మనష్షే, ఇశ్శాఖారు, జెబూలూను గోత్రములనుండి వచ్చిన అనేకులు తమ్మును పవిత్రపరచుకొనకయే పస్కాను భుజించిరి. రాజు వారికొరకు ప్రార్థించెను, యెహోవా ఆలకించెను. అరణ్యములో పేర్లు తెలియని కొందరు అడిగి ఉండనియెడల హిజ్కియాకు ఆ రెండవ నెల ఎక్కడిది?

సెలోపెహాదు కుమార్తెల ప్రశ్నయు ఆజ్ఞనుండియే పుట్టినది. 26వ అధ్యాయములో జనసంఖ్య వ్రాయబడి, ఆ పేర్ల లెక్కచొప్పున దేశము పంచిపెట్టబడవలెనని ఆజ్ఞ ఇయ్యబడినది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను పేర్లు ఆ లెక్కలోనే కనబడుచున్నవి (26:33). అయితే స్వాస్థ్యము కుమారులది. పేర్లు వ్రాసికొని భాగము ఇయ్యని పుస్తకమును వారు చదివిరన్నట్టు వచ్చి నిలిచిరి. ఎక్కడ నిలిచిరి? ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద, మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజము ఎదుట. అప్పటికి ఆ దేశములో ఒక్క అడుగు నేలయు స్వాధీనము కాలేదు. వాగ్దానమును నమ్మనివారు దానిలో భాగము అడుగరు. అందుకే సిఫ్రే అను ప్రాచీన వ్యాఖ్యానము ఒక భేదమును చూపుచున్నది: పురుషులు ఐగుప్తునకు తిరిగిపోవుటకు నాయకుని ఇయ్యుడనిరి (14:4), స్త్రీలు దేశములో స్వాస్థ్యము ఇమ్మనిరి (27:4). రెండు చోట్లను క్రియ 'ఇచ్చుట' అనునదే. ముఖములు మాత్రము ఒకటి వెనుకకు, ఒకటి ముందుకు.

దేవుడు వారి మాట యుక్తమని చెప్పెను. తీర్పు వారికొక్కరికే పరిమితము కాలేదు. కుమార్తె, సహోదరులు, తండ్రి సహోదరులు, సమీప బంధువు అను క్రమము ఇశ్రాయేలీయులకు శాసనముగా నిలిచినది (27:8-11). ఇక్కడను జవాబు ప్రశ్నకంటె పెద్దదే.

4. సణుగుడు, ప్రశ్న – భేదము నిర్ణయించువాడెవడు?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. కోరహు కూడ ప్రశ్నయే అడిగెను గదా? సమాజమంతయు పరిశుద్ధమైనదే, మీరేల హెచ్చించుకొనుచున్నారని అడిగినవాడు (16:3) సమానత్వమును కోరలేదా? ఈ ఆక్షేపణ బలమైనది. సెలోపెహాదు కుమార్తెలకును ఇది తెలియును. అందుకే తమ తండ్రి కోరహు సమూహములో లేడని ముందుగానే చెప్పుకొనిరి.

భేదము కొంతవరకు కనబడుచున్నది. సణుగువారు గుడారములలో కూర్చుండి సణిగిరి (ద్వితీ. 1:27), ప్రశ్నించువారు దేవుని గుడారము ఎదుటికి వచ్చిరి. సణుగుడు ఐగుప్తును కోరును. ప్రశ్న నిబంధనలో భాగమును కోరును. కోరహు మరియొకనికి ఇయ్యబడినదానిని లాగికొనజూచెను. ఆ అయిదుగురు మాసిపోవుచున్న పేరును నిలువబెట్టజూచిరి.

అయితే ఈ గుర్తులు చేతబట్టుకొని, వచ్చిన ప్రతి ప్రశ్నకు మనమే ముద్ర వేయవచ్చునా? మోషే ఏమి చేసెనో చూడవలెను. కుమార్తెల వ్యాజ్యమును యెహోవా సన్నిధికి తెచ్చెను. కోరహు మాట వినినప్పుడును తానే తీర్పు తీర్చలేదు. సాగిలపడి, ఎవరు తనవారో యెహోవా తెలియజేయునని చెప్పెను (16:4-5). న్యాయమైన ప్రశ్నను, అన్యాయమైన ప్రశ్నను రెండింటిని ఒకే చోటికి తీసికొనిపోయెను. ప్రశ్న వినబడగానే అది తిరుగుబాటు అని నిర్ణయించు అధికారము మోషేకే లేనప్పుడు, అది మనకు ఎక్కడినుండి వచ్చినది?

వినబడని ప్రశ్న ఏమగును? దూషకుని సంగతిలో రబ్బీలు దీనిని తలపోసిరి. అతని తల్లి దాను గోత్రికురాలైన షెలోమీతు, తండ్రి ఐగుప్తీయుడు. అతడు దానీయుల పాళెములో గుడారము వేసికొనబోగా, భాగము తండ్రి గోత్రమునుబట్టియే గాని తల్లినిబట్టి కాదని వారు త్రోసివేసిరనియు, మోషే న్యాయస్థానములో ఓడిపోయి బయటికి వచ్చి నామమును దూషించెననియు మిద్రాషు చెప్పుచున్నది. ఇది వాక్యములో వ్రాయబడినది కాదు, అతని పాపమును ఇది కప్పదు. అయినను ఆ కథను కుమార్తెల కథప్రక్కన పెట్టినయెడల కాపరికి నిద్రపట్టదు. ఇద్దరును అడిగినది చోటే. ఒకరి వ్యాజ్యము దేవుని సన్నిధికి వెళ్లినది. మరియొకని వ్యాజ్యము మనుష్యుల దగ్గరనే ముగిసినది.

5. మోషేకు ఎందుకు తెలియలేదు?

ధర్మశాస్త్రమును తెచ్చినవానికే జవాబు తెలియకపోవుట రబ్బీలను కలవరపరచినది. వారు ఇచ్చిన జవాబులు మూడు. సిఫ్రే చెప్పునది: ఈ ఆజ్ఞలు మోషే ద్వారా ఇయ్యబడదగినవే, అయితే యోగ్యుల ద్వారా మేలు కలుగునట్లు దేవుడు అడిగినవారికి ఆ ఘనతను ఇచ్చెను. తర్గూములు చెప్పునది: తరువాత వచ్చు న్యాయాధిపతులు తమకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడకుండునట్లు మోషే మాదిరి చూపెను, ధన సంబంధమైన వ్యాజ్యములలో త్వరపడవలెను, ప్రాణము తీయు వ్యాజ్యములలో నిదానింపవలెను. రాషీ (1040–1105) ఎత్తిచూపిన మూడవ జవాబు కొంచెము గుచ్చుకొనునది: కఠినమైన సంగతిని నాయొద్దకు తెండని మోషే చెప్పియుండెను (ద్వితీ. 1:17), అట్లు చెప్పినవానికి ఆ స్త్రీల వ్యాజ్యములోని న్యాయము మరుగుచేయబడెను.

ఈ మూడింటిలో ఏది సరియైనదని నేను తేల్చబోను. మూడింటికిని ఆధారమొకటే: ఆజ్ఞ దేవునిదే, మనుష్యుడు దానిని కల్పించలేదు. అది దేవుని యొద్ద ముందుగానే ఉన్నను, అడుగువాని కొరకు కనిపెట్టుకొనియున్నది. ప్రశ్న ఆజ్ఞను పుట్టించదు, ఆజ్ఞకు ద్వారము తెరచును. సంఖ్యాకాండము 27:5లో 'వారి వ్యాజ్యము' అను హెబ్రీ పదము చివరి అక్షరమైన నూన్‌ను లేఖికులు నేటివరకు పెద్ద అక్షరముగా వ్రాయుచున్నారు. ఆ అక్షరమే ఆ పదమును స్త్రీలది చేయుచున్నది.

6. విమర్శకుల మాట, వాక్యపు హద్దులు

చారిత్రక విమర్శకులు ఈ కథనములను వేరుగా వివరింతురు. 1910లో షోమ్రోను త్రవ్వకములలో దొరికిన, క్రీ.పూ. 8వ శతాబ్దమునకు చెందిన వ్రాతపెంకులలో నోయా, హొగ్లా అను పేర్లు ప్రాంతముల పేర్లుగా కనబడినవి. తిర్సా ఒకప్పటి రాజధాని (1 రాజులు 15:33). కాబట్టి మనష్షే గోత్రపు సరిహద్దులను వివరించుటకు ఈ కథ ఏర్పడినదని కొందరి వాదము. ఆ పెంకులను మనము కాదనలేము. అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. సరిహద్దులను వివరించుటకు అనేక మార్గములుండగా, అయిదుగురు స్త్రీలు దేవుని గుడారమునొద్ద నిలిచి అడిగినట్లును, దేవుడు వారి మాట యుక్తమన్నట్లును ఆ ప్రజలు ఎందుకు జ్ఞాపకముంచుకొనిరి? తమ ధర్మశాస్త్రము అట్టిదని వారు నమ్మిరి గనుకనే గదా.

మరియొక వైపున, ఈ భాగమును నేటి స్త్రీ సమానత్వ ప్రకటనగా బోధించువారును ఉన్నారు. వారును కొంచెము ఆగవలెను. కుమారుడు లేనప్పుడే కుమార్తెకు స్వాస్థ్యము. పైగా 36వ అధ్యాయములో గిలాదు వంశపు పెద్దలు వచ్చి, వీరు వేరొక గోత్రములో పెండ్లి చేసికొనినయెడల తమ స్వాస్థ్యము తగ్గిపోవునని చెప్పిరి. అదే ధాతువు మరల! దేవుడు వారి మాటయు యుక్తమనెను. కుమార్తెలు తమ తండ్రి గోత్రములోనే పెండ్లి చేసికొనవలెనని ఆజ్ఞ వచ్చినది. ఆ అధ్యాయములో కుమార్తెల మాట వినబడదు. తరువాతి రబ్బీలు ఆ నిర్బంధము ఆ తరమునకే చెందినదని తీర్పు చెప్పిరి (బాబా బత్రా 120–121). యోబు తన కుమార్తెలకు సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చెను (యోబు 42:15). ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు మరియొక ప్రశ్నకు చోటిచ్చుచున్నదనియే దీని భావము.

ముగింపు

క్రొత్త నిబంధన ఈ మార్గమును మూసివేయలేదు. సురోఫెనికయ స్త్రీ పిల్లల రొట్టెను తగ్గింపుమని అడుగలేదు. బల్లక్రింద పడు ముక్కలలో భాగమును అడిగెను, ప్రభువు ఆమె మాటను బట్టియే జవాబిచ్చెను (మార్కు 7:24-30). అన్యజనుల సంగతి అంతియొకయలో వివాదమైనప్పుడు, సంఘము దానిని అణచివేయక యెరూషలేమునకు తీసికొనిపోయెను (అపొ. కా. 15). ధర్మశాస్త్రము కరకు రాయి, కృప మాత్రమే వినును అను మన బోధ ధర్మశాస్త్రమును చదువని బోధ.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలెను. నేను పరిచర్య ఆరంభించిన దినములలో, ఒక గ్రామ సంఘములో ప్రభువు బల్ల ఆదివారమున ఒక సహోదరి బయటనే నిలిచియుండెను. ఆ వారములోనే ఆమె తల్లిని పాతిపెట్టితిమి. మైల ఉన్నదని పెద్దలు ఆమెను ఆపిరి. "అయ్యగారూ, మా అమ్మకు నేను తప్ప ఎవరున్నారు? నీళ్లు పోసినది నేనే. నేనెందుకు రాకూడదు?" అని ఆమె అడిగెను. పెద్దలతో వాదింపవద్దమ్మా, వచ్చే నెల తీసికొనుమని చెప్పి నేను లోపలికి వెళ్లితిని. వచ్చే నెల! సంఖ్యాకాండము 9వ అధ్యాయములోని జవాబును వచ్చే నెల అనియే. అయితే మోషే దేవుని యొద్ద విని ఆ మాట చెప్పెను. నేను పెద్దల ముఖము చూచి చెప్పితిని. క్రీస్తునందు మరణపు మైల ఎక్కడిదని నేను ఒక్క నిమిషమైనను ఆగి విచారింపలేదు. ఆమెను నిలువుమని కూడ నేను చెప్పలేదు, పొమ్మని చెప్పితిని.

నేటి మన సంఘములలో ఇట్టి ప్రశ్నలు తక్కువేమియు కాదు. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో కుమార్తెకును కుమారునికిని సమాన భాగమని 1925 నాటి భారత వారసత్వ చట్టము చెప్పుచున్నను, పుట్టింటి పరువు పేరట సంతకము పెట్టుమని కుమార్తెలను అడుగు కుటుంబములు మన సంఘములలోనే ఉన్నవి. ఆ సంతకమునకు సాక్షిగా కొన్నిసార్లు కాపరినే పిలుతురు. అప్పుడు ఆ కుమార్తె నోరు తెరచి 'ఎందుకు' అని అడిగినయెడల, మన జవాబు ఫరో జవాబు కాకూడదు. జవాబు తెలియనియెడల తెలియదని చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు, మోషేకే తెలియలేదు. అడిగినవారిని నిలువుమని చెప్పి, ప్రభువు ఏమి సెలవిచ్చునో వినుటకు వెళ్లుటయే కాపరి పని.